పాత బుల్లెట్ చప్పుడు ఎక్కడిది?

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిన తరువాత దశాబ్దాల పాటు పెద్దగా రూపు మారకుండా తయారైన పోత ఇనుప సిలిండరు బుల్లెట్ 350 మోటార్‌సైకిల్‌లో ఇంజను బలం వెనుక చక్రానికి నేరుగా చేరదు. అది క్రాంక్‌షాఫ్టు నుంచి రెండు వరసల ప్రైమరీ చైను మీదుగా క్లచ్‌కు, అక్కడి నుంచి ఇంజను వెనుక విడిగా బిగించిన నాలుగు గేర్ల గేర్‌బాక్సుకు, ఆపై వెనుక చైనుకు, చివరికి హబ్బులోని రబ్బర్లకు చేరుతుంది. వీటిలో ఒక్కొక్కటి ఒక్కో వేగంతో తిరుగుతుంది కనుక ఒక్కొక్కదాని చప్పుడుకూ వేరే లయ ఉంటుంది. ఆ లయను చెవితో పట్టుకుని, ఏ భాగం విప్పాలో విప్పకముందే తేల్చడం తరాలుగా మెకానిక్ షెడ్డుల్లో ఒకరి నుంచి ఒకరికి అందుతున్న విద్య. అవసరం లేకుండా విప్పిన ప్రతిసారీ పాత బోల్టుల మరలు అరుగుతాయి, గాస్కెట్లు పాడవుతాయి, మళ్లీ దొరకని విడిభాగాలు దెబ్బతింటాయి కాబట్టి ఈ విద్య విలువ తక్కువది కాదు.

మొదటి పరీక్ష బండి నిలబడి ఉండగానే జరుగుతుంది. న్యూట్రల్‌లో ఇంజను నడుస్తున్నప్పుడు క్లచ్ లివరు వదిలి ఉంటే గేర్‌బాక్సులోని ప్రధాన షాఫ్టు కూడా తిరుగుతుంది, లివరు నొక్కి పట్టుకుంటే అది ఆగిపోతుంది. అందువల్ల లివరు నొక్కగానే చప్పుడు పోతే అనుమానం గేర్‌బాక్సు బేరింగుల మీదికి, నొక్కినా పోకపోతే ప్రైమరీ చైను మీదికి లేదా ఇంజను మీదికి, నొక్కినప్పుడే కొత్తగా పుడితే క్లచ్ బేరింగు మీదికి, క్లచ్‌ను నెట్టే కడ్డీ మీదికి మళ్లుతుంది. రోడ్డు మీద మరో ఆధారం దొరుకుతుంది. ఈ గేర్‌బాక్సులో నాలుగో గేరు నేరు గేరు, అంటే బలం కింది షాఫ్టు పళ్ల మీదుగా పోకుండా తిన్నగా బయటి పళ్లచక్రానికి చేరుతుంది కనుక, రెండు మూడు గేర్లలో వినిపించే మూలుగు నాలుగులో తగ్గితే తప్పు ఆ కింది షాఫ్టుదే అయ్యే అవకాశం ఎక్కువ.

పొడవాటి స్క్రూడ్రైవరు మొనను కవరు మీద ఆనించి పిడిని చెవి దగ్గరి ఎముకకు తాకించి వినే పద్ధతి మంచిదే కానీ, అల్యూమినియం కవరులో శబ్దం దూరం ప్రయాణిస్తుంది కాబట్టి ఎక్కువగా మోగే చోటే మూలమని తేల్చేయకూడదు. ముఖ్యంగా ప్రైమరీ కవరు లోపల క్రాంక్‌షాఫ్టు చివర ఉండే ఆల్టర్నేటర్ రోటరు, దాని చుట్టూ ఉండే స్టేటరును ఒక పక్క రాసుకుంటే వచ్చే చప్పుడు వదులైన చైను చప్పుడును అచ్చంగా పోలి ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందు చుట్టూ సమంగా ఉందో లేదో చూడకుండా చైను మార్చడం డబ్బు దండగ.

మార్పులు చేసిన బండిలో ఈ వెతుకులాట బండి చరిత్ర అడగడంతో మొదలు కావాలి. ఎక్కువ మంది చేయించే మార్పు, గేర్‌బాక్సు మీది 16 పళ్ల చక్రం తీసి 17 లేదా 18 పళ్లది వేయించడం. 18 వేస్తే అదే వేగానికి ఇంజను తిరుగుడు సుమారు 11 శాతం తగ్గి హైవే మీద హాయిగా ఉంటుంది, కానీ ఊళ్లో తక్కువ వేగంలో పై గేరులో నడిపితే ఇంజను ఒక్కో తాపుకూ చైను గుంజుకుని కొట్టుకుంటుంది. అప్పుడు ఏ భాగమూ చెడిపోలేదు, గేరు తగ్గిస్తే చాలు. ఇంకో చిక్కు ఏమిటంటే ఆ ముందు పళ్లచక్రం క్లచ్ వెనుక దాగి ఉంటుంది, దాన్ని మార్చాలంటే ప్రైమరీ కవరూ క్లచ్చూ ఊడదీయాలి. ఆ శ్రమకు జంకి చైనూ వెనుక పళ్లచక్రమూ మాత్రమే కొత్తవి వేసి ముందుది అలాగే వదిలేసే వాళ్లు చాలామంది, అరిగిన పళ్ల మీద కొత్త చైను కూర్చోక కీచుమనడం అందుకే అంత తరచుగా కనిపిస్తుంది.

వెనుక చైను పరీక్షకు ఇంజను తప్పనిసరిగా ఆపి, బండిని సెంటర్ స్టాండు మీద న్యూట్రల్‌లో ఉంచి, టైరు మీద సుద్దగీత గీసి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. వెనుక పళ్లచక్రానికి 38 పళ్లు, చైనుకు సుమారు 90 లింకులు ఉంటాయి కనుక చక్రం రెండుంపావు చుట్లకు పైగా తిరిగితేనే చైను ఒక చుట్టు పూర్తవుతుంది. టక్కు శబ్దం గీత ప్రతిసారీ అదే చోటికి వచ్చినప్పుడు వినిపిస్తే చక్రం బేరింగో, డ్రమ్మో, వంగిన పన్నో కారణం, గీతతో కలవకుండా జరుగుతూ వినిపిస్తే బిగుసుకున్న లింకు కారణం. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడూ వదిలినప్పుడూ మాత్రమే దబ్బుమంటే, కుదుపును మింగాల్సిన హబ్బు రబ్బర్లు నలిగిపోయాయని అర్థం.

వెడల్పు టైరు వేయించిన బండికి యాక్సిల్ రెండు వైపుల నత్త ఆకారపు సర్దుబాటు పలకల మీది గాట్లు సమంగా ఉన్నంత మాత్రాన చైను తిన్నగా ఉన్నట్టు కాదు. వెనుక టైరు రెండు అంచులనూ తాకేలా ఇరుపక్కలా దారం లాగి, ముందు టైరుకూ దారానికీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందో చూసి, ఆ తరువాత ముందు వెనుక పళ్లచక్రాలు ఒకే వరుసలో ఉన్నాయో సరిచూడాలి. పొడవైన షాకబ్జార్బర్లు వేసిన బండిలో మనిషి కూర్చుంటే చైను బిగువు మారుతుంది కాబట్టి, ఎవరినైనా సీటు మీద కూర్చోబెట్టి, చైను అత్యంత బిగువుగా ఉన్న చోట సుమారు 25 మిల్లీమీటర్ల ఆట మిగిలేలా బిగించాలి.