సంభావనయా? బాకీయా?

మన సభలయందు కళాకారులకును ఉపన్యాసకులకును ఇచ్చు సొమ్మునకు గల పేళ్లను చదువరులు ఒకసారి పరిశీలింతురు గాక. సంభావన, పారితోషికము, సత్కారము, బహుమానము. ఇందులో ఒక్కటియైనను శ్రమకు చెల్లవలసిన వెలను తెలుపదు. అన్నియు ఇచ్చువాని సంతోషమును, ఔదార్యమును తెలుపునవియే. కూలి యనిన అడుగవచ్చును. సంభావన యనిన అడుగువాడు చులకన యగును. ఈ మర్యాదపు మాటల చాటుననే ఆలస్యమను దురాచారము నిశ్చింతగా పెరుగుచున్నదని మా అభిప్రాయము.

హరికథకుని సంగతి చూతము. శ్రీరామనవమి, వినాయక చవితి, దసరా — ఈ ఉత్సవదినములే ఆయనకు పంటకాలము. ఆయన ఒంటరిగా రాడు. ఫిడేలు, మృదంగము వాయించువారు వెంట వత్తురు. మంగళహారతి పాడిన రాత్రియే వారికి ముట్టవలసినది ముట్టజెప్పవలయును. సభవారు మాత్రము శాలువ కప్పి, పూలదండ వేసి, ‘సొమ్ము వారములో పంపుదుము’ అందురు. వారము మాసమగును, మాసము ఆరు మాసములగును. ఇందుకై ఆయన 5,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. ఆరు నెలలకు వడ్డీయే 600 రూపాయలు. అనగా సభవారు ఆయనకు సంభావన నిచ్చుట అటుండగా, ఆయనయే సభవారికి వడ్డీలేని అప్పిచ్చి, ఆ వడ్డీని తాను కట్టుచున్నాడు.

‘చందాలు వసూలు కాలేదు, మేమేమి చేయుదుము?’ అని కార్యదర్శులందురు. కొందరి విషయమున ఇది నిజమే. కాని షామియానావానికి, మైకుసెట్టువానికి బయానా ఎట్లు దొరకినది? బయానా లేనిదే రాటలు లేవవు గనుక దొరకినది. సొమ్ము రాకున్న వాడు తన గుడ్డ విప్పుకొని పోగలడు. దాసుగారు పాడిన కథను మూటగట్టుకొని పోలేరు. ఈ నిస్సహాయతను కనిపెట్టియే ఆయనను కడపటి వరుసలో నిలుపుచున్నాము.

చట్టములు లేకపోలేదు. 2006 సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము నమోదైన చిన్నసంస్థకు ఒడంబడికలో ఏమి వ్రాసికొన్నను 45 దినములలో సొమ్ము చెల్లవలయును. గడువు మీరిన చక్రవడ్డీ పడును. న్యూయార్కు నగరమున 2017 నుండి అమలైన చట్టము స్వతంత్రముగా పనిచేయువారికి 800 డాలర్లకు తక్కువ కాని పనులకు వ్రాతపూర్వకమైన ఒప్పందమును విధించినది. కాని నోటిమాటపై ఊరికి వచ్చి, తెల్లవారుజామున బస్సెక్కు దాసుగారి చేత ఏ కాగితమున్నది?

పత్రిక నడుపు మేమును ఈ నిందనుండి తప్పుకొనజాలము. వ్యాసకర్తకు ప్రతిని పంపి, ప్రతిఫలమును మరచిన సందర్భములు మాకును కలవు.

కనకాభిషేకము పొందిన శ్రీనాథుడే కడపట పన్ను చెల్లింపజాలక బాధలు పడినట్లు చాటుపద్యములు చెప్పుచున్నవి. సత్కారము వేరు, జీవనము వేరు అనుటకు ఇంతకన్న నిదర్శనమేల? కావున ఆహ్వానపత్రమునందే సొమ్మెంతయో, ఏ దినమున ఇత్తురో వ్రాయుడు. పందిరికి బయానా ఇచ్చుటకు ముందే కళాకారుని సొమ్మును వేరుగా ఉంచుడు. అంత శక్తి లేనిచో సభను చిన్నది చేయుడు, శాలువను మానుడు. బాకీని బాకీ యని పిలుచుట నేర్చిననాడు దానిని తీర్చుటయు నేర్తుము.