ముల్లు చెప్పేదంతా నిజం కాదు

పాత వాల్వు రేడియో ముందు ఎవర్ని కూర్చోబెట్టినా చెయ్యి నేరుగా పెద్ద నాబ్ మీదికే పోతుంది. ముల్లు కదిలేది దాంతోనే కదా! నన్నడిగితే అది చివర ముట్టుకోవలసింది. ముందు బ్యాండ్ స్విచ్. అంతకన్నా ముందు గోడ గడియారం.

షార్ట్‌వేవ్ వ్యవహారమంతా పొద్దుతోనే. పగలు ఆకాశంలోని కింది పొర పెద్ద మీటర్ల తరంగాలను మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర చెదిరిపోతుంది. అప్పుడవి పై పొర దాకా వెళ్లి, దానికి తగిలి ఎక్కడో దూరాన దిగుతాయి. అందుకే దూరపు స్టేషన్లకు పగలు 16, 19, 25 మీటర్లు. రాత్రయితే 41, 49, 60. మన హైదరాబాద్ కేంద్రమే పగలు 41 మీటర్లలో, రాత్రి 4800 కిలోహెర్ట్జ్‌లో పలికేది. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు. ఆ రాత్రి స్టేషన్‌ను 62.5 దగ్గర వెతకాలన్నమాట.

వాల్యూమ్ గురించి చెప్పేదేముంది. టక్కుమని తిప్పాక వాల్వులు వేడెక్కే దాకా అర నిమిషం ఓపిక పట్టాలి, అంతే. అసలు అన్యాయం జరిగింది టోన్ నాబ్‌కు. పాటలో బేస్ పెంచుకోవడానికే అది ఉందనుకుంటారు చాలామంది. పక్క స్టేషన్ 5 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉంటే సన్నగా ఈల వస్తుంది చూడండి, దాన్ని అణిచేది ఈ నాబే. కాస్త తగ్గించండి, గొంతు మందమైనా మాట తేటగా తెలుస్తుంది.

ఇక ట్యూనింగ్. నాబ్‌కూ ముల్లుకూ మధ్య ఉన్నది ఒక దారం. లోపల గ్యాంగ్ కండెన్సర్ చక్రానికి రెండు మూడు చుట్లు చుట్టి, కప్పీల మీదుగా తెచ్చి, చివర స్ప్రింగుతో బిగిస్తారు. అది వదులైతే నాబ్ తిరుగుతుంది, ముల్లు కదలదు. మెకానిక్‌లు దారానికి రోజిన్ పొడి రాసేది ఆ జారుడు తగ్గడానికే. రాసినా కొంత జారుడు మిగులుతుంది, అందుకే స్టేషన్‌ను ఎప్పుడూ ఒకే వైపు నుంచి పట్టాలి. దాటిపోయిందా, బాగా వెనక్కెళ్లి మళ్లీ రావాలి. డయల్ మీద వెంట్రుకవాసి జరిగితే దేశమే మారిపోతుంది మరి!

ఇంత జాగ్రత్తగా పట్టినా దొంగ స్టేషన్ల బెడద తప్పదు. ఈ సెట్లలో చాలావాటి ఐఎఫ్, అంటే వచ్చిన తరంగాన్ని లోపల మార్చుకునే ఫ్రీక్వెన్సీ, 455 కిలోహెర్ట్జ్. దానికి రెట్టింపు, అంటే 910 కిలోహెర్ట్జ్ కిందికి పోతే బలమైన స్టేషన్ మళ్లీ పలుకుతుంది. 25 మీటర్లలో దొరికిన కొలంబో స్టేషన్ 27 మీటర్ల పైచిలుకులోనూ వినిపించేది. మీనాక్షి పొన్నుదురై తెలుగు పలకరింపు గానీ, బుధవారం రాత్రి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా గానీ కావాలంటే రెండింటిలో అసలుదేదో తేల్చుకోవాలి. పద్ధతి తేలికే: గట్టిగా పలికేది అసలుది.

ఇప్పుడు మా హనుమకొండలో ఆ సెట్టు పెడితే ముందు వినిపించేది ఎల్‌ఈడీ బల్బుల గరగర. ఇంట్లో దీపాలూ ఛార్జర్లూ ఆపేస్తే సగం పోతుంది. పక్కింటివాళ్లని మాత్రం ఆపమనలేం కదా.

1990లో వరంగల్‌కు సొంత ఆకాశవాణి కేంద్రం వచ్చింది, ఎఫ్‌ఎంలో. వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న కొలంబోను ఇంట్లోకి తెచ్చిన పాత సెట్టుకు మా ఊరి స్టేషన్ మాత్రం అందలేదు. దాని డయల్ మీద ఎఫ్‌ఎం గీతే లేదు. ఊరి కబుర్లు వినడానికి ఇంకో రేడియో కొన్నాం.