ముప్పావలా సంగతి

కృష్ణా జిల్లా పల్లెటూరి బ్రాంచీలో డ్వాక్రా అప్పులు రాసే రోజుల్లో, ఒక సంఘం లీడరు పాస్‌బుక్కు నా బల్ల మీద పెట్టి అడిగింది: "సార్, పావలా వడ్డీ అంటిరి, రూపాయి పట్టుకున్నారేంటండీ?"

ఆమె లెక్క తప్పేం కాదు. 2004లో పావలా వడ్డీ పథకం మొదలైనప్పుడు ఏర్పాటు ఇదీ: బ్యాంకు వడ్డీ ఏడాదికి సుమారు 12 శాతం, అంటే నూటికి నెలకు రూపాయి. సంఘం ముందు ఆ రూపాయీ కట్టాలి. కంతు తప్పకపోతే 3 శాతానికి పైనున్నదాన్ని, అంటే ముప్పావలాని, సర్కారు తర్వాతెప్పుడో వేస్తుంది. ఆ "ఎప్పుడో"కి తేదీ చెప్పలేక నేను చాలాసార్లు తల వంచుకున్నాను. 2012లో పథకం పేరు వడ్డీ లేని రుణమైంది. సకాలంలో కట్టిన సంఘాలకే అన్న షరతు మాత్రం పోలేదు.

ఒప్పుకోవాలి, ఆ షరతు మా బ్యాంకువాళ్లకు వరం. అప్పు వసూలుకి మేం ఊరెళ్లాల్సిన పని తగ్గింది, సంఘమే కాపలా కాసేది. రెండు లక్షల అప్పు మీద నెలకు ముప్పావలా అంటే మొదట్లో 1,500 రూపాయలు. ఒక్కరు ఆలస్యం చేస్తే పదిమందికీ దెబ్బ. ఇక మార్చి వచ్చిందంటే టార్గెట్ గొడవ. ఎవరికెంత కావాలో అడిగే తీరిక మాకు లేదు. మంజూరైంది పదిమందీ సమానంగా పంచుకునేవారు, గేదె కొనాలన్నామెకూ పిల్ల ఫీజు కట్టాలన్నామెకూ అంతే. గేదెకి తక్కువ పడ్డది ఎక్కడ తెచ్చుకోవాలి?

అక్కడికే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. పొదుపు అలవాటు, సంతకం, ఒకరికొకరు పూచీ, ఇవన్నీ ఏళ్ల తరబడి ప్రజాధనంతో నేర్పి పెట్టినవే. తయారైన సంఘాల మీదకి వచ్చి వారం వారం కంతు పెట్టారు. వడ్డీ చూస్తే ఫ్లాట్‌గా 12 శాతమో 15 శాతమో అనేవారు. తీరిపోయిన అసలు మీద కూడా వడ్డీ పడే పద్ధతి అది, నిజానికి భారం దాదాపు రెట్టింపు. 2006లోనే మా జిల్లాలో అధికారులు ఆ కంపెనీల బ్రాంచీలు యాభై దాకా మూయించారు. 2010 ఆగస్టులో వాటిలో ఒకటైన ఎస్‌కెఎస్ షేర్లు మార్కెట్‌కెక్కాయి. అప్పు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల వార్తల నడుమ అక్టోబరులో ఈ కంపెనీల మీద రాష్ట్ర సర్కారు ఆర్డినెన్స్ వచ్చింది, వారం కంతులు నెలకు మారాయి, వసూళ్లు కుప్పకూలాయి.

పావలా వడ్డీకీ ఈ గొడవకీ సంబంధం లేదని అప్పట్లో మా ఆఫీసర్లు అనేవారు. నాకలా అనిపించలేదు. అదే లీడరు ఓసారి గడువు రోజున కంతు కట్టి, కంపెనీ దగ్గర తెచ్చానంది. తొమ్మిది శాతం రాయితీ నిలుపుకోడానికి అంతకు రెట్టింపు పైన వడ్డీకి అప్పా? "నా ఒక్కదానిదైతే వదిలేద్దును సార్. తొమ్మిదిమంది నా మొహాన్నే చూస్తారుగా," అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. రసీదు రాసిచ్చాను.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో సంఘం పాస్‌బుక్కు ఉంటే ఒకసారి తీయండి. కంతు కట్టిన తేదీ ఒకపక్క, వడ్డీ రాయితీ జమైన తేదీ ఒకపక్క రాసుకుని, మధ్యలో ఎన్ని నెలలున్నాయో లెక్కేయండి.