బిళ్ళ కరిగే తీరు

హైదరాబాద్ నుంచి వచ్చే లారీ గరికపాడు చెక్‌పోస్టు దాటితే ఆంధ్రలో అడుగుపెట్టినట్టే. ఈ 65వ నంబరు జాతీయ రహదారి మీద జగ్గయ్యపేట, నందిగామ మీదుగా విజయవాడకు వెళ్ళే సరుకులో మందుల పెట్టెలూ ఉంటాయి. చెక్‌పోస్టులో బండి ఆపి కాగితాలు చూడొచ్చు. బిళ్ళ కడుపులోకి వెళ్ళాక కరుగుతుందో లేదో మాత్రం ల్యాబులోనే తేలాలి.

ఆ తేల్చే పరీక్ష పేరు డిసొల్యూషన్. ల్యాబు పనుల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే. బిళ్ళలో 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉండటం ఒక ఎత్తు, అది వేళకు కరగడం ఇంకో ఎత్తు. బిళ్ళ రాయిలా బిగుసుకుపోతే లోపల మందు నిండుగా ఉన్నా జ్వరం దిగదు.

ఆరు గాజు జాడీలు. ఒక్కోదానిలో 900 మిల్లీలీటర్ల ద్రావణం, మన ఒంటి వేడికి సరిగా 37 డిగ్రీలు. అటూఇటూ అర డిగ్రీకి మించకూడదు. జాడీకో బిళ్ళ, నిమిషానికి 50 చుట్లు తిరిగే తెడ్డు. చూడ్డానికి ఇంతే. కానీ తెడ్డుకూ జాడీ అడుగుకూ మధ్య 25 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ద్రావణంలోని గాలిని ముందే తీసెయ్యాలి. లేదంటే సన్నటి బుడగలు బిళ్ళకు అంటుకుని తడి తగలనివ్వవు, ఒక్కోసారి బిళ్ళనే పైకి తేలుస్తాయి. బల్ల అదిరినా చిక్కే: బిళ్ళ మామూలుకన్నా త్వరగా కరిగి, నాసిరకం మందు కూడా గట్టెక్కేస్తుంది.

గడువు కాగానే సిరంజితో కొంత ద్రావణం తీస్తారు. పై మట్టానికీ తెడ్డు పై అంచుకూ సరిగ్గా నడుమ నుంచి, గాజు గోడకు కనీసం 10 మిల్లీమీటర్లు ఎడంగా. తీసిన వెంటనే వడకట్టాలి, ఎందుకంటే వెంట వచ్చిన పలుకులు సిరంజిలోనూ కరుగుతూనే ఉంటాయి! ఆపైన అతినీలలోహిత కాంతిని అది ఎంత పీల్చుకుందో చూసి మందు లెక్క కడతారు. మందు కలపని ద్రావణాన్నీ, స్వచ్ఛత ముందే తెలిసిన ప్రామాణిక మందునూ అదే యంత్రంలో చూడందే బిళ్ళ మీద మాట అనరు. మంచి అనలిస్టు అనుమానం ముందుగా తన పరికరం మీదే.

తీర్పులోనూ తొందర లేదు. కరగాల్సింది 80 శాతం అనుకుందాం. మొదటి ఆరింటిలో ప్రతిదీ 85కు తగ్గకూడదు. తగ్గితే మరో ఆరు, అప్పుడూ తేలకపోతే ఇంకో పన్నెండు. మొత్తం 24 బిళ్ళల సగటు 80 ఉండాలి, రెండింటికి మించి 65 కిందకు జారకూడదు, 55 కిందకు ఒక్కటీ పోకూడదు. కంపెనీలకు ఇన్ని అవకాశాలా అని విసుక్కునేవాళ్ళుంటారు. ఒక్క బిళ్ళ పాపం బ్యాచ్ మొత్తానికి అంటగట్టకపోవడమే సబబని నాకనిపిస్తుంది.

1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోనూ ఇదే జాగ్రత్త. షాపులో డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తీసిన శాంపిల్‌ను భాగాలు చేసి సీలు వేస్తారు: ఒకటి షాపువాళ్ళకే, ఒకటి ప్రభుత్వ అనలిస్టుకు, ఒకటి కోర్టుకు, అవసరమైతే నాలుగోది తయారీదారుకు. అనలిస్టు నివేదికను ఒప్పుకోనివాళ్ళు అందిన 28 రోజుల్లోగా ఆ మాట చెప్పాలి. అప్పుడు కోర్టు తన దగ్గరున్న భాగాన్ని కోల్‌కతాలోని సెంట్రల్ డ్రగ్స్ లేబొరేటరీకి పంపవచ్చు. అక్కడ తేలిందే ఖాయం.