యామన్‌పల్లి ఎముకలు, నౌబత్ పహాడ్ పనితనం

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లిన పిల్లలు ఇంటికొచ్చి ముందుగా చెప్పేది డైనోసార్ గురించే. ఆ జంతువు మన ప్రాంతానిదని మాత్రం చాలామంది గమనించరు. దాని ఎముకలు 1970ల చివర్లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడ్డాయి. మన బొగ్గు గనుల ఊరు మందమర్రి కూడా ఆనాడు ఆ జిల్లాలోదే. 1988లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్త పి.ఎం. యాదగిరి దాన్ని వర్ణించి, కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ ఎముకలున్న కోట రాతిపొర పేరూ, ఆ ఊరి పేరూ అలా శాస్త్రంలోకి ఎక్కాయి.

నిలబెట్టిన అస్థిపంజరం పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. చూడగానే ఆ పరిమాణమే నోరు మూయిస్తుంది. నేను మాత్రం ఆ కూర్పు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. యామన్‌పల్లిలో దొరికింది ఒక్క జంతువు కాదు. సుమారు 2,400 చదరపు మీటర్ల నేలలో, కనీసం పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముక భాగాలు చెల్లాచెదురుగా, కలగాపులగంగా దొరికాయి. ఏది కుడి కాలిది, ఏది ఎడమ కాలిది? ఏది పెద్ద జంతువుది, ఏది చిన్నదానిది? మెడపూసల్లో దేని తర్వాత ఏది? పక్కపక్క పూసలు ఒకదాన్నొకటి తాకే అంచుల్ని బట్టి వరుస తేల్చాలి. దొరకని చోట పక్క ఎముకల కొలతల్ని బట్టి పూరించాలి. ఇన్ని తేల్చుకున్నాకే ఒక్క జంతువు లేచి నిలబడింది.

తల సంగతి మరీ కష్టం. పుర్రె దొరకలేదు, దొరికినవి పళ్లు మాత్రమే. కాబట్టి కోటసారస్‌కు ఎవరు తల పెట్టినా, దాని బంధువర్గాన్ని చూసి ఊహించి పెట్టాల్సిందే. ఇది ఆ పనికి లోటు అని నేననుకోను. పిల్లలకు ఇక్కడే అసలు పాఠం ఉంది. ఎంతవరకు దొరికింది, ఎక్కడినుంచి ఊహ మొదలైంది అని అడగడం నేర్పితే చాలు, ఆ రోజు బస్సు ఛార్జీలు గిట్టుబాటైనట్టే.

పిల్లల్ని తీసుకెళ్లే టీచర్లకు ఒక మాట. తల దగ్గర కాకుండా తుంటి దగ్గర మొదలుపెట్టండి. ఈ జాతిని వర్ణించడానికి ఆధారంగా తీసుకున్న నమూనా తుంటి ఎముకే. తర్వాతి కాలపు భారీ శాకాహార డైనోసార్లతో పోలిస్తే అది ఎత్తు తక్కువ. తొడ ఎముక మీద పూర్వీకుల నుంచి మిగిలిన చిన్న బొడిపె కూడా ఉంది. నాలుగు కాళ్లు మాత్రం అప్పటికే బరువు మోసే స్తంభాల్లా శరీరం కిందికి వచ్చేశాయి. పాత లక్షణాలూ కొత్త లక్షణాలూ ఒకే ఒంట్లో కనిపిస్తాయి. జీవపరిణామం గురించి పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా ఇంత తేటగా తెలియదు.

ఈ కేంద్రంలో ప్లానెటేరియం 1985 సెప్టెంబరు 8న ఎన్.టి. రామారావు చేతుల మీదుగా మొదలైంది. అక్కడ తెలుగులోనూ ప్రదర్శనలుంటాయి. సైన్స్ మ్యూజియం 1990లో, డైనోసార్ విభాగం 2000లో వచ్చాయి. మ్యూజియంలో పిల్లలు తమ చేత్తో నొక్కి, తిప్పి చూసే నమూనాలున్నాయి. ఇలాంటి మ్యూజియాలకు దారి చూపిన వాటిలో ముఖ్యమైంది శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం. భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఒపెన్‌హైమర్ దాన్ని 1969లో తెరిచారు. అంతకుముందు ఆయన ఒక చిన్న ఊళ్లో హైస్కూల్ పిల్లలకు సైన్స్ చెప్పారు. తమ నమూనాలు ఎలా తయారుచేశారో ఆ సంస్థ పుస్తకాలుగా అచ్చువేసి అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఆ ఉదారత నాకెంతో గొప్పగా అనిపిస్తుంది. మీట నొక్కితే దీపం వెలిగి ఊరుకునేది మంచి నమూనా కాదు. పిల్ల ఏదో ఒకటి మార్చి, ఫలితం ఎలా మారిందో తానే చూడగలగాలి.

మందమర్రి పిల్లలకు ఈ కథలో ఇంకో అంతస్తు ఉంది. మన బాయిల్లో తవ్వే బొగ్గు సుమారు 28 కోట్ల ఏళ్ల నాటి బరాకర్ పొరలది. కోటసారస్ దొరికిన కోట పొరలు దానికి దాదాపు పది కోట్ల ఏళ్ల తర్వాతివి. రెండూ ప్రాణహిత–గోదావరి లోయలో ఒకదానిపై ఒకటి పేరుకున్న పొరలే. బొగ్గుతోపాటు వచ్చే షేల్ రాయిలో గ్లోసాప్టెరిస్ ఆకుల ముద్రలు కనిపిస్తుంటాయి. నాన్న షిఫ్టు దిగి పనిచేసే చోటు అడవిగా ఉన్న కాలం ఆ ఆకుది. డైనోసార్ ఇంకా పుట్టనే లేదు. అలాంటి రాయి ఒకటి తరగతిలో చేతులు మారితే, కోట్ల ఏళ్ల లెక్క పిల్లల వేళ్లకే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్న అస్థిపంజరాన్ని కళ్లతో చూడాల్సిందే; అంత అరుదైనదాన్ని అందరూ తడమడానికి వీల్లేదు, అది న్యాయమే. కానీ తుంటి ఎముకకూ తొడ ఎముకకూ అచ్చులు తీయించవచ్చు. వాటిని మందమర్రిలోనో మంచిర్యాలలోనో పిల్లలకు అందే ఎత్తులో పెట్టాలి. పక్కన ఒక ఆకుముద్ర రాయి, ఈ లోయ పొరల పటం ఒకటి ఉంచాలి. ఆ ఎముకలు దొరికిన లోయలో పెరిగే పిల్లలకు ఆ బొడిపె మీద వేలు పెట్టి చూసే వీలు ఉండాలి.