రాతినారకు ఆరు పేర్లు చాలునా?

ఆస్బెస్టాస్ నిప్పుకు కాలని యొక ఖనిజమని పిల్లలకు చెప్పుట మనకలవాటు. నిప్పుకు కాలదన్నది నిజమే. ఒక ఖనిజమన్నది నిజము కాదు. కొన్ని ఖనిజములు నారలుగా పెరిగినప్పుడు వాటికి వ్యాపారములో వచ్చిన పేరది. పెక్కు చట్టములును, వాటి ననుసరించి పుస్తకములును అట్టివి ఆరింటిని పేర్కొనినవి: క్రైసోటైల్, క్రోసిడోలైట్, అమోసైట్, ఆంథోఫిలైట్, ట్రెమోలైట్, ఆక్టినోలైట్. మొదటిది సర్పెంటైన్ జాతిది, తక్కిన ఐదును యాంఫిబోలులు. ఈ పట్టికను విద్యార్థులచే వల్లె వేయించుటకు ముందు అదెంతవరకు నిలుచునో చూడవలెను.

కడప జిల్లా పులివెందుల ప్రాంతమున డోలమైటులోనికి డోలరైటు చొచ్చుకొని వచ్చిన చోట దొరకిన నార క్రైసోటైలు. దాని పరమాణువుల పొరలు చుట్టుకొని సన్నని గొట్టములగును. యాంఫిబోలులో అట్టి పొరలు లేవు. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు జంటగొలుసులుగా సాగియుండును. స్ఫటికము గొలుసుల పొడవునకే పెరుగును గనుక సూదివలె నుండుట వింత కాదు. కాని సూది వేరు, నార వేరు. ట్రెమోలైటు చాలచోట్ల ముతక పలుకులుగా దొరకును. సుత్తితో కొట్టినచో 56, 124 డిగ్రీల కోణములలో చీలునే గాని నారగా విడిపోదు. 5 మైక్రాన్లకు మించిన పొడవుండి, ఆ పొడవు వెడల్పునకు మూడింతలైన ప్రతి తునకను నారగా లెక్కించు పద్ధతి ఈ భేదమును పట్టుకొనలేదు.

పట్టికకు ఇంతకంటె పెద్ద లోపము అమెరికాలోని మాంటానా రాష్ట్రమున, లిబ్బీ పట్టణములో బయటపడినది. అచ్చట 1990 వరకు వెర్మిక్యులైటును త్రవ్విరి. దానితో కలిసివచ్చిన నారధూళి గనిపనివారినే గాక వారి ఇండ్లవారిని, ఊరివారిని కూడ ఊపిరితిత్తుల జబ్బుల పాలుచేసినది. 2009లో ప్రభుత్వము అచ్చట ప్రజారోగ్య అత్యవసర స్థితిని ప్రకటించవలసి వచ్చినది. ఆ నారను చాలకాలము ట్రెమోలైటనిరి. 2003లో వెలువడిన పరిశీలనలో అధికభాగము వించైటనియు, కొంత రిక్టరైటనియు, ట్రెమోలైటు స్వల్పమేననియు తేలినది. ఈ వించైటు మన దేశపుదే. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా జిల్లా, కాజ్లీడోంగ్రీ మాంగనీసు గనిలో దొరకగా ఫెర్మర్ దానికి ఆ పేరు పెట్టెను. ఆరింటిలో దానికి చోటు లేదు!

స్ఫటికములో ఒక స్థానమున కాల్షియమునకు బదులు సోడియము కొంత హెచ్చినచో ట్రెమోలైటు వించైటగును. అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘము 1978లో యాంఫిబోలుల పేర్లకు నియమములేర్పరచి, 1997లోను, 2012లోను సవరించినది. హద్దుననున్న నారకు ఒకసారి ఒక పేరు, మరొకసారి మరొక పేరు రావచ్చును. ఖనిజశాస్త్రజ్ఞునకిది తప్పు కాదు, అతని పని అదియే. ఆ పేర్లనే తెచ్చి రక్షణచట్టమునకు సరిహద్దురాళ్లుగా పాతుటయే తప్పు. పేరు మారినంత మాత్రమున నార మొద్దుబారదు గదా! అమెరికా పర్యావరణ సంస్థ 2024లో ముగించిన పరిశీలనలో లిబ్బీ నారలను కూడ చేర్చినది. ఇది ఆలస్యముగా జరిగిన సవరణ.

మన ‘రాతినార’ యను మాట ఈ విషయములో పట్టికకంటె మేలు. అది రసాయనమును గాక రూపమును చెప్పుచున్నది. ఉపాధ్యాయుడు పాఠము నచ్చటనే మొదలుపెట్టి, రాయి ఎట్లు నారయగునో చెప్పి, పేర్లను తరువాత చెప్పవచ్చును. బడిలో నమూనా ఉన్నచో మూతవేసిన గాజుసీసాలోనే చూపవలెను. వెనుక మేము చేసినట్లు పిల్లలచే గోటితో పోగులు తీయించరాదు.