పెంచుకోవడం అనే మాట వెనక

పెంపుడు జంతువుల్ని ఇంట్లో ఉంచుకుంటూ వీగన్‌గా బతకడం కుదురుతుందా అన్న ప్రశ్న పైకి తీరికున్నవాళ్ల ప్రశ్నలా అనిపిస్తుంది. మాంసం, చేపలు, గుడ్లతోపాటు పాలు, నెయ్యి, తేనె, తోలు, పట్టు కూడా వద్దనుకున్న మనిషి తన కుక్కకు కోడిమాంసం ఉడకబెట్టి పెట్టొచ్చా? డబ్బిచ్చి పిల్లిని కొనుక్కురావొచ్చా? ఈ చర్చ మీద పాశ్చాత్య దేశాల్లో యాభై ఏళ్లుగా పుస్తకాలు వస్తున్నాయి. వాటిని స్త్రీలుగా చదివితే మనకు బాగా తెలిసిన తగువే వినిపిస్తుంది. ప్రేమ పేరుతో నడిచే అధికారం ఎవరిది, ఆ ప్రేమ వెనకున్న చాకిరీ ఎవరిది అన్న తగువది.

పీటర్ సింగర్ రాసిన ‘యానిమల్ లిబరేషన్’ 1975లో వెలువడింది. ఆధునిక జంతు విముక్తి ఉద్యమానికి మూలగ్రంథంగా దానికి పేరుంది. దాని ముందుమాట ఇంగ్లండులో ఒక ఇంట్లో జరిగిన టీ విందుతో మొదలవుతుంది. సింగర్ జంతువుల గురించి రాయబోతున్నాడని విని ఒకావిడ ఆ దంపతుల్ని టీకి పిలుస్తుంది. అక్కడికి వచ్చిన ఆవిడ స్నేహితురాలు తనకు జంతువులంటే ఎంత ప్రేమో చెప్పుకుపోతుంది. ఆమెకొక కుక్క, రెండు పిల్లులు ఉన్నాయి. మధ్యలో పందిమాంసం శాండ్‌విచ్ చేతిలోకి తీసుకుని, మీరేం పెంచుతున్నారని అడుగుతుంది. ఏమీ పెంచడం లేదంటారు వీళ్లు. తమకు జంతువుల మీద ప్రత్యేకమైన మమకారమేమీ లేదనీ, బాధ తెలిసిన ప్రాణులుగా వాటిని చూడాలన్నదే తమ వాదన అనీ సింగర్ అంటాడు.

ఆ చురక న్యాయమైనదే. ఒక జంతువుని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇంకో జంతువుని పళ్లెంలో పెట్టుకునే ప్రేమను ప్రశ్నించాల్సిందే. కానీ ఆ సన్నివేశంలో నవ్వులపాలైనది ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె ప్రేమ గురించి మాట్లాడుతోంది, ఇంకొకామె శాండ్‌విచ్‌లు వడ్డిస్తోంది. ప్రేమకు దూరం జరిగితేనే తన న్యాయానికి బరువు వస్తుందని సింగర్ అనుకున్నట్టు కనిపిస్తుంది. జోసఫిన్ డోనవన్ 1990లో రాసిన ‘యానిమల్ రైట్స్ అండ్ ఫెమినిస్ట్ థియరీ’ వ్యాసాన్ని సరిగ్గా ఈ టీ విందుతోనే మొదలుపెట్టింది. సింగర్‌కూ, 1983లో ‘ది కేస్ ఫర్ యానిమల్ రైట్స్’ రాసిన టామ్ రీగన్‌కూ ఉమ్మడిగా ఉన్న భయాన్ని ఆమె పట్టుకుంది. భావోద్వేగంతో మాట్లాడుతున్నారని ఎవరైనా అంటారేమోనన్నదే ఆ భయం. ఆ నింద చరిత్రలో ఎక్కువగా మోసింది ఆడవాళ్లే. బ్రిటన్‌లో ప్రాణమున్న జంతువుల మీద కోత ప్రయోగాలకు వ్యతిరేకంగా 1875లో సంఘం పెట్టిన ఫ్రాన్సెస్ పవర్ కాబ్ స్త్రీల ఓటు హక్కు కోసం కూడా పోరాడిన మనిషి. ఆమె కుక్కలంటే ప్రాణం పెట్టింది, మాంసం మాత్రం మానలేదు. టీ విందులో కూర్చున్న ఆవిడ ఒక రకంగా కాబ్ వారసురాలే. ఆవిడ ప్రేమ అబద్ధమని ఎందుకనుకోవాలి? అది గడప దాటలేదని అనుకోవచ్చు. గడప దాటని ప్రేమను ఎగతాళి చేయడం ఒక పని, దాన్ని గడప దాటించడం ఇంకో పని. రెండోదే కష్టమైనది.

గారీ ఫ్రాన్సియోన్ ఈ ప్రశ్నను చట్టం వైపు నుంచి అడిగాడు. చట్టం దృష్టిలో జంతువు ఆస్తి. అది ఆస్తిగా ఉన్నంతకాలం దాని బాగోగులు యజమాని మంచితనం మీదే ఆధారపడతాయి. అందుకని పెంపుడు జంతువు అనే ఏర్పాటే పోవాలని అన్నా చార్ల్‌టన్‌తో కలిసి 2016లో రాసిన వ్యాసంలో వాదించాడు. ఆ వ్యాసం రాసేనాటికి వాళ్లింట్లో ఆరు కుక్కలున్నాయి, అన్నీ దిక్కులేక వచ్చినవే. ఉన్నవాటిని కడుపులో పెట్టుకుని చూసుకోవాలి, కొత్తవాటిని పుట్టించకూడదన్నది వాళ్ల వాదం. లోకంలో రెండు కుక్కలే మిగిలినా వాటితో పిల్లల్ని కనిపించబోమంటారు.

ఆస్తి అన్న మాట దగ్గర మనం ఆగకుండా ఉండలేం. కన్యాదానమనే తంతులో దానమిచ్చే వస్తువు స్థానంలో నిలబడ్డవాళ్లం. ‘బాగానే చూసుకుంటున్నాను కదా, ఇంకేం కావాలి’ అన్న మాట భర్తల నోట, అత్తగారిళ్ల నోట తరతరాలుగా వింటున్నవాళ్లం. బాగా చూసుకోవడం హక్కుకు బదులు కాదని మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తెలుగులో ఆ ఆస్తి అన్న మాట కూడా అక్కర్లేకుండా ‘పెంచు’ అన్న ఒక్క క్రియ పని జరిపించేస్తుంది. బిడ్డను పెంచుతాం, మల్లెతీగను పెంచుతాం, కుక్కను పెంచుతాం, పండక్కి కోసే మేకను కూడా పెంచుతాం. పెంపుడు కూతురు, పెంపుడు కుక్క, కోళ్ల పెంపకం అన్నిటికీ ఒకే మాట. అందులో ప్రేమ పాలెంత, పెత్తనం పాలెంత అన్నది ఆ మాటని బట్టి తేలదు. పెరిగేవాళ్ల చివరి రోజు ఎలా ఉంటుందన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఐతే ఫ్రాన్సియోన్ వాదంతో నాకొక పేచీ ఉంది. తిండికీ నీళ్లకీ మనిషి వైపు చూడాల్సి రావడమే కుక్క బతుకులోని అన్యాయమన్నట్టు ఆయన మాట్లాడతాడు. స్యూ డోనల్డ్‌సన్, విల్ కిమ్లికా 2011లో వచ్చిన ‘జూపొలిస్’లో దీన్ని గట్టిగా తిప్పికొట్టారు. పసిపిల్లలు, ముసలివాళ్లు, వైకల్యమున్నవాళ్లు ఇతరుల మీద ఆధారపడే బతుకుతారు. ఆధారపడటం అవమానం కాదు. ఆధారపడినవాళ్లకు చెప్పుకునే చోటు లేకపోవడం అవమానం. ఇంటి జంతువుల్ని సమాజంలో పౌరులుగా గుర్తించాలని వాళ్లు కోరతారు. ఎవరి మీదా ఆధారపడని స్వతంత్ర పురుషుడే మనిషికి నమూనా అన్న ఊహను స్త్రీవాదం ఎప్పుడో కాదంది. ఇంకొకరు వండి పెడితే తప్ప పూట గడవని ఆ స్వతంత్రుడి సంగతి మనకు బాగా తెలుసు.

వాదనల్లో తేలనిది కొన్నిసార్లు కథలో తేలుతుంది. జె.ఎం. కుట్సీ నవల ‘డిస్‌గ్రేస్’ 1999లో వచ్చింది. అందులో డేవిడ్ లూరీ అనే ప్రొఫెసర్ తన దగ్గర చదువుకునే అమ్మాయి మీద అధికారం చెలాయించి, ఉద్యోగం పోగొట్టుకుని, పల్లెలో ఉంటున్న కూతురు లూసీ దగ్గరకు వస్తాడు. అక్కడ జంతువుల క్లినిక్ నడిపే బెవ్ షా అనే ఆవిడ ఉంటుంది. ఆమె ఆకారం, ఆమె ఇంటి వాసన, ఆమె జీవకారుణ్యం అన్నీ అతనికి వెగటే. సింగర్ ముందుమాటలోని చూపే ఇది, కాకపోతే కుట్సీ ఆ చూపునే బోనులో నిలబెట్టాడు. ఎవరికీ అక్కర్లేని కుక్కల్ని బెవ్ సూదిమందుతో చంపుతున్నప్పుడు లూరీ వాటిని పట్టుకుంటాడు. కళేబరాల్ని మర్యాదగా దహనానికి చేరవేసే పని తన మీద వేసుకుంటాడు. పెట్రస్ విందు కోసం కట్టేసిన రెండు గొర్రెల దగ్గరకొచ్చేసరికి, అంతకుముందు రోజూ మాంసం తిన్న మనిషికి మనసు కలత పడుతుంది. అతన్ని ఏ సిద్ధాంతమూ మార్చలేదు. ఆడవాళ్ల పనిగా తను తీసిపారేసిన చాకిరీ మార్చింది. లూసీ ఇంట్లో బోనుల్లో ఉన్నవన్నీ కాపలా కుక్కలు. నల్లమనిషి వాసనకే గుర్రుమనేలా కుక్కల్ని పెంచిన దేశమది అని నవల చెబుతుంది. ఇంటి మీద దాడి చేసినవాళ్లు ఆ కుక్కల్ని బోనుల్లోనే కాల్చి చంపుతారు. మనిషి మనిషి మీద చేసే పెత్తనానికి కుక్క ఆయుధమైంది, చివరికి ఆ పగకు బలి కూడా అదే అయింది.

మన గేట్ల మీద ‘కుక్క ఉంది, జాగ్రత్త’ అన్న బోర్డు ఎవరిని ఉద్దేశించినది? కారులో వచ్చే చుట్టాన్ని కాదు. చిత్తుకాగితాలేరుకునే అమ్మాయిని, చెత్తబండి లాక్కొచ్చే మనిషిని. తెలుగులో మేలురకం కుక్కను ‘జాతి కుక్క’ అంటాం. మిగిలినది ఊరకుక్క, అది తిట్టు కూడా. సుమతీ శతకకారుడు కుక్కను బంగారు సింహాసనం ఎక్కించింది దాని గుణం మారదని చెప్పడానికే. ఒకప్పుడు కుక్క తాకితే మైలపడ్డ ఇళ్లలో ఇవాళ ల్యాబ్రడార్ సోఫా మీద పడుకుంటుంది. మైల అన్న ఊహ మాత్రం పోలేదు, జాతి లేని కుక్క మీదకీ మనిషి మీదకీ మళ్లింది. కొనే కుక్కపిల్ల వెనక ఈతకు ఈత కంటూ బోనులో బతికే తల్లి ఉంటుంది. దాని ఫొటో మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు. పునరుత్పత్తి మీద పెత్తనం గురించి ఇంత రాసిన మనం ఆ తల్లికుక్క దగ్గర మౌనంగా ఉండటం కుదరదు.

వీధికుక్క సంగతి వేరు. దానికి యజమాని లేడు, అలాగని అది అడవి జంతువూ కాదు. పట్టుకుని ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదిలిపెట్టాలన్నది 2001 నాటి నిబంధనల నుంచీ మన విధానం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. వాడు పనిచోటికి తండ్రి వెంట వెళ్లిన ఒక సెక్యూరిటీ గార్డు కొడుకు. జంతు ప్రేమ గురించి రాసే ఎవరైనా ఈ పిల్లవాణ్ణి దాటుకుని వెళ్లిపోకూడదు. నగరపాలనలు ఆపరేషన్లు, టీకాలు, చెత్త తీయడం సరిగ్గా చేయనప్పుడు ఆ మూల్యం చెల్లించేది గేటు లోపలివాళ్లు కాదు. అలాగే రాత్రిపూట గిన్నె పట్టుకుని వీధికుక్కలకు అన్నం పెట్టే ఒంటరి స్త్రీని తిట్టడంతో ఆ బాధ్యత తీరిపోదు.

ఇక గిన్నెలోకి చూద్దాం. కుక్క శరీరం పిండిపదార్థాల్ని అరిగించుకునేలా మారిందని 2013లో వచ్చిన జన్యు పరిశోధన చూపింది. అన్ని పోషకాలూ సరిచూసి తయారుచేసిన శాకాహారం కుక్కకు పనికొస్తుందని ఇప్పుడు చాలామంది పశువైద్యులు ఒప్పుకుంటున్నారు. పిల్లి సంగతి అలా కాదు. టారిన్ అనే పదార్థం తిండిలో లేకపోతే పిల్లికి చూపు పోతుందని 1975లోనూ, గుండె జబ్బు వస్తుందని 1987లోనూ బయటపడింది. టారిన్‌ను జంతువుల ప్రమేయం లేకుండా తయారుచేస్తున్నారు గానీ, పిల్లికి కావాల్సింది అదొక్కటే కాదు. తన నియమం కోసం పిల్లిని గుడ్డిదాన్ని చేసే ప్రమాదం తలకెత్తుకోవడం అహింస కాదు.

మన నగరాల్లో ఇంకొక మెలిక ఉంది. మాంసం తినేవాళ్లకు ఇల్లు అద్దెకివ్వని అపార్ట్‌మెంట్లోనే కుక్క కోసం కోడి ఉడుకుతుంది. ఉడకబెట్టేది పనిమనిషి, గిన్నె కడిగేది ఆమె, కుక్కను తిప్పి దాని మలం ఎత్తేదీ ఆమే. అదే కూర ఆమె తన టిఫిన్ డబ్బాలో తెచ్చుకుంటే మాత్రం ఇల్లు మైలపడుతుంది. ఇది వీగనిజం కాదు, కులం. ‘శుద్ధ’ శాకాహారం పాలు, నెయ్యి మీద నిలబడింది. పాలివ్వని దున్నదూడ ఎటు పోతుందో అది అడగదు. వీగనిజం ఆ పాలనే ప్రశ్నిస్తుంది గనక ఆ శుద్ధితో తెగతెంపులు చేసుకునే అవకాశం దానికుంది. చేసుకోకపోతే అది ఇంకో మడి అవుతుంది.

అందుకే మొదటి ప్రశ్నకు నా జవాబు రెండు ముక్కల్లో ఉంటుంది. కొనడం, ఈనించడం, హోదా కోసమో కాపలా కోసమో ఉంచుకోవడం వీగన్ ఆలోచనతో పొసగవు. దిక్కులేనిదాన్ని తెచ్చుకుని, దానికి కావాల్సిన తిండి పెట్టి, దాని చాకిరీ తానే చేసి, చివరిదాకా ఉండటం పొసగుతుంది. పిల్లి గిన్నెలో చేప ఉన్నప్పుడు దాన్ని చేప అనే పిలవాలి, మన నియమం చెడలేదని బుకాయించకూడదు. వీగన్ సంఘం నిర్వచనంలోనే ‘సాధ్యమైనంత వరకు’ అన్న షరతు ఉంది. దాన్ని తప్పించుకునే సందుగా వాడుకోవచ్చు, లేదా ఎక్కడిదాకా సాధ్యమో రోజూ వెతకడానికి వాడుకోవచ్చు. తెలంగాణలో పెంచడాన్ని ‘సాదడం’ అంటారు. కన్నబిడ్డనైనా, కనని బిడ్డనైనా సాదుతారు. ఆ మాట వినగానే నాకు చేతుల పని గుర్తొస్తుంది. పెంచుకోవడం అన్న మాటలో నుంచి యాజమాన్యాన్ని తీసేస్తే మిగిలేది ఆ పనే. దాన్ని పంచుకోవడానికి సిద్ధపడనివాళ్లు జంతువుల్ని ప్రేమిస్తున్నామని చెప్పుకోకపోవడం మంచిది.